మతి తప్పిన తల్లి పోషణ ఎవరి బాధ్యత?

 

గత షాబాన్ నెలలో ఒక జుమా నాడు నర్సీపట్నంలో మేము తల్లిదండ్రుల హక్కులపై ప్రసంగించాము. మాట వృద్ధాశ్రమాల మీదికి మళ్లింది. కన్నతల్లిని తీసుకెళ్లి ఆశ్రమంలో దింపి వచ్చే కొడుకు ఎన్ని హజ్జులు చేస్తే మాత్రం ఏమిటి ప్రయోజనం అని కాస్త గట్టిగానే అన్నాము. వింటున్నవాళ్లు తలలూపారు. మాకూ బాగా మాట్లాడామనే అనిపించింది. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక!

నమాజు అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఒక్క మనిషి మాత్రం స్తంభానికి ఆనుకొని కూర్చుండిపోయాడు. యాభై ఏళ్లుంటాయి. దగ్గరికి వెళ్లి సలాం చేస్తే కళ్లు తుడుచుకున్నాడు. "మౌలానా సాబ్! మా అమ్మీని నాలుగు రోజుల్లో విశాఖ ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేస్తామన్నారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మతి మూడేళ్లుగా లేదు, నన్నే గుర్తుపట్టదు. మీరు ఇందాక తిట్టిన అలాంటి చోటే నిన్న మాట్లాడి వచ్చాను. నెలకు 25 వేలు, అడ్వాన్సు 50 వేలు అన్నారు. ఇప్పుడు నేను నరకవాసినేనా?" అని అడిగాడు.

మా దగ్గర వెంటనే జవాబు లేదు. మరుసటి రోజు వస్తామని చెప్పి ఇంటికి వచ్చి పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నాము. ఆ ఇంటికి నాలుగైదుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి ఇళ్లు మన సమాజంలో ఇప్పుడు తక్కువేమీ లేవు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 100కు 7 మందికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మంది ఈ మతిమరుపు వ్యాధితో ఉన్నారని అంచనా వేసింది. అందుకే ఆ ఇంట్లో తేలిన విషయాలను, ఇల్లు తెలియనీయకుండా, ఆ కుటుంబం అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాము.

మొదట ఒక మాట. ఇది దెయ్యం పట్టడం కాదు, చేతబడి కాదు, పాపానికి శిక్ష అసలే కాదు. మనుషుల్లో కొందరిని అల్లాహ్ అత్యంత బలహీనమైన వయసు దాకా చేరుస్తాడనీ, అప్పుడు వారు అంతా తెలిసి ఉండి కూడా ఏమీ తెలియనివారైపోతారనీ దివ్యఖుర్‌ఆన్ రెండు చోట్ల (16:70, 22:5) తెలియజేసింది. దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆ స్థితి నుంచి అల్లాహ్ శరణు కోరేవారని సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి తాయెత్తులు కట్టించడానికి ఊళ్లు తిప్పే డబ్బును వైద్యుని దగ్గర ఖర్చు చేయండి. థైరాయిడ్, బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటి వాటి వల్ల కూడా ముసలివారికి మతి చెదురుతుంది. అవి వైద్యంతో నయమవుతాయి. పరీక్ష చేయించకుండానే ముసలితనమని వదిలేయకూడదు.

ఇక ఆ సోదరుని ప్రశ్న. ఆశ్రమంలో చేర్చడం హరామా?

బనీ ఇస్రాయీల్ సూరాలో (17:23, 24) అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వారిలో ఒకరో ఇద్దరో ముసలితనానికి చేరుకుంటే వారితో విసుగు మాట కూడా అనవద్దన్నాడు. అక్కడ 'ఇందక' అనే పదం ఉంది. నీ దగ్గర అని దాని భావం. ముసలితనంలో తల్లిదండ్రులు ఉండవలసిన చోటు సంతానం చెంతే అని ఆ ఒక్క మాటే చెబుతోంది. మేము జుమాలో మాట్లాడింది దీని ఆధారంగానే. అయితే నీ దగ్గర అంటే నీ పైకప్పు కింద అని మాత్రమే అర్థం కాదు. నీ సంరక్షణలో, నీ బాధ్యతలో అని కూడా దాని అర్థమే. ఒకే ఇంట్లో ఉంచి, వెనక గదిలో తలుపు వేసి, రోజుకు రెండుసార్లు పళ్లెం తోసే ఇళ్లను మేము చూశాము. ఆ తల్లి కొడుకు దగ్గర ఉన్నట్టా?

తుంటి విరిగిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. తెలివి లేని మనిషి రాత్రిపూట లేచి నడవబోయి మళ్లీ పడుతుంది. ఈ పని తెలిసిన మనుషులు ఇంట్లో లేనప్పుడు, కొన్నాళ్లపాటు నర్సులున్న చోట ఉంచడం చికిత్సలో భాగమే. ఆసుపత్రిలో ఉంచడం ఎలా పాపం కాదో ఇదీ అంతే. కానీ షరతులున్నాయి. స్త్రీని కడిగి తుడిచేది స్త్రీలే కావాలి. ఆహారం హలాల్ కావాలి. ఇంటివాళ్లలో ఎవరో ఒకరు వారంలో రెండు మూడుసార్లయినా, అదీ చెప్పాపెట్టకుండా, వెళ్లి చూడాలి. ఎప్పుడు ఇంటికి తేవాలో ముందే అనుకోవాలి. తేదీ అనుకోకుండా దింపి రావడాన్నే మేము వదిలిపెట్టడం అంటాము. మేము జుమాలో ఈ తేడా చెప్పకుండా మాట్లాడాము. తర్వాతి జుమాలో అదే మింబరు మీద నుంచి సరిదిద్దుకున్నాము.

ఇప్పుడు అసలు చిక్కు. డబ్బు ఎవరిది?

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. మాతో మాట్లాడినవాడు పెద్దవాడు, నర్సీపట్నంలోనే ఉంటాడు. రెండోవాడు హైదరాబాదులో ఉద్యోగం. చెల్లెలిది తుని, భర్తది చిన్న టిఫిన్ బండి. తండ్రి చనిపోయి 6 సంవత్సరాలు. ముగ్గురినీ కూర్చోబెట్టాము. రెండోవాడు ఫోనులో ఉన్నాడు. "మూడేళ్లు నా ఇంటావిడ చేసింది, ఇక డబ్బు తమ్ముడు పెట్టుకోవాలి" అని అన్న. "ఇంట్లో ఉంటున్నది అన్నయ్య, అతనే పెట్టుకోవాలి" అని తమ్ముడు. "ఆస్తిలో మాకు సగం వాటాయే కదా, ఖర్చులోనూ సగమే కదా" అని చెల్లెలి తరఫున ఎవరో బంధువు. ముగ్గురూ చెడ్డవాళ్లు కాదు. ఎవరి చేతిలో ఎంత ఉందో వాళ్లకే తెలుసు.

ధర్మశాస్త్రం ఏం చెబుతుందో వారికి వివరించాము. తల్లిదండ్రులు పేదవారైతే వారి పోషణ స్థోమత ఉన్న సంతానంపై విధి. హనఫీ ఫిఖ్హ్‌లో ప్రామాణికమైన అభిప్రాయం ప్రకారం ఈ బాధ్యత కొడుకుల మీద, కూతుళ్ల మీద సమానంగానే పడుతుంది. వారసత్వపు వాటాల లెక్క ఇక్కడ వర్తించదు. స్థోమత లేనివారి వంతు ఉన్నవారి మీద పడుతుంది. కూతురి బాధ్యత ఆమె సొంత ధనం వరకే, అల్లుడికి దానితో సంబంధం లేదు. అలాగే కోడలు అత్తకు చేసే సేవ షరీఅత్ ఆమెపై మోపిన విధి కాదు. అది ఆమె చేసే ఉపకారం. ఈ మాట అన్నప్పుడు లోపలి గది పరదా వెనక ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. మూడేళ్లుగా ఆ ముసలామె మలమూత్రాలు ఎత్తినది ఆవిడే. మగవాళ్లు ఖర్చుల లెక్క వేసేటప్పుడు ఆ చాకిరీని ఎవరూ లెక్కలో రాయరు.

కానీ ఇదంతా తల్లి పేదరాలైతేనే. తల్లికి సొంత ధనం ఉంటే ఆమె ఖర్చు మొదట ఆమె ధనం నుంచే. అందుకని మేము అడిగాము: అమ్మీకి సొంతంగా ఏముంది?

"ఏమీ లేదు మౌలానా సాబ్. చెవికమ్మలు కూడా ఆపరేషన్‌కు పోయాయి" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

మరి ఈ ఇల్లు ఎవరిది? అబ్బాది. ముందున్న రెండు దుకాణాల అద్దె? నెలకు 16 వేలు వస్తుంది, అన్నదమ్ములు చెరిసగం తీసుకుంటారు. అబ్బా పోయాక ఆస్తి పంచారా? లేదు, అమ్మీ బతికుండగా పంపకమేమిటి, బాగుండదని ఊరుకున్నాం.

ప్రియ పాఠకులారా! మన ఇళ్లలో నూటికి తొంభై చోట్ల వినిపించే జవాబు ఇదే. తల్లి బతికుండగా తండ్రి ఆస్తి పంచకపోవడం మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద కింద ఎవరి హక్కు నలిగిపోతోందో చూడం. నిసా సూరాలో (4:12) సంతానం ఉన్న భర్త చనిపోతే అతని ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు అని అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. అంటే ఆ 16 వేల అద్దెలో 2 వేలు ఆ తల్లివి. 6 సంవత్సరాలంటే 72 నెలలు. 1,44,000 రూపాయలు. అది కొడుకులు తల్లికి ఇవ్వవలసిన బాకీ. మిగిలిన 14 వేలను ఐదు భాగాలు చేస్తే కొడుకులకు రెండేసి భాగాలు, కూతురికి ఒకటి. అంటే చెల్లెలికి నెలకు 2,800 రావాలి. 72 నెలలకు 2,01,600. ఆ పిల్ల ఆరేళ్లలో ఒక్క రూపాయి చూడలేదు, అడగనూ లేదు. ఇల్లు 40 లక్షలు చేస్తుందంటే అందులో 5 లక్షలు తల్లివి. ఏమీ లేనిదన్న ముసలామె ఇల్లది!

ఇంకొకటి అడిగాము. మహర్ చెల్లించారా? పాత ట్రంకు పెట్టెలో నిఖానామా దొరికింది. ఉర్దూలో ఉంది, మేమే చదివి వినిపించాము. రెండు తులాల బంగారం, ముఅజ్జల్, అంటే తర్వాత ఇవ్వవలసినది. ఇచ్చినట్టు ఎవరికీ తెలియదు. భర్త చావు మంచం మీద ఉండగా చుట్టాలు మహర్ మాఫ్ చేయమని భార్యను అడగడం మన దగ్గర ఒక దురాచారం. అదీ ఇక్కడ జరగలేదని ముగ్గురూ చెప్పారు. అయితే అది తండ్రి మీద అప్పు. ఆస్తి పంచకముందే తీర్చవలసిన అప్పు. రెండు తులాల బంగారం ఈనాటి ధరకు రెండు లక్షలు దాటుతుంది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను అమ్మీని నా డబ్బుతో పోషిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను" అన్నాడు. పూర్తి చేయలేదు. ఇంతకాలం అతను తల్లికి తిండికి, మందులకు పెట్టింది తక్కువ కాదు. అది ఉపకారం కింద అల్లాహ్ దగ్గర ఉంటుందనీ, బాకీని మాత్రం బాకీగా చూడమనీ చెప్పాము.

ఇక్కడ మరో ప్రమాదం తప్పింది. ఆమె మరీ దిగజారక ముందే ఇల్లు తన పేర రాయించి వేలిముద్ర వేయించుకుంటే తర్వాత గొడవలుండవని ఎవరో దస్తావేజుల లేఖరి సలహా ఇచ్చాడట. స్టాంపు కాగితాలు కూడా కొన్నారు. ముగ్గురి నుంచి కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు: నిద్రలో ఉన్నవారు, పిల్లలు, మతి లేనివారు. ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. పుణ్యపాపాలే రాయని మనిషి చేత ఆస్తి రాయించడమేమిటి? మతి లేనివారి హిబా చెల్లదు. దేశ చట్టం ప్రకారమూ చెల్లదు. ఎప్పుడో రాయించుకున్న జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసిచ్చిన మనిషికి మతి పోగానే రద్దయిపోతుంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అదే చెబుతోంది. తెలివి తక్కువైనవారి తరఫున వారి సంరక్షకుడు న్యాయంగా వ్యవహరించాలని బఖరా సూరా (2:282) ఆదేశం. కొడుకునైనంత మాత్రాన నేనే ఆమె ఆస్తికి సంరక్షకుణ్ణి అనుకోకూడదు. హనఫీ ఫిఖ్హ్‌లో ఆ అధికారం తండ్రి, తాతల తర్వాత ఖాజీది. మన దేశంలో 1880 చట్టం కింద నియమితులైన ఖాజీలకు న్యాయాధికారం లేదు గనుక జిల్లా కోర్టులో సంరక్షకుని నియామకానికి అర్జీ పెట్టాలి. న్యాయవాదిని అడిగితే 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ గురించి, ఇతర దారుల గురించి చెబుతారు. మతిమరుపు ఇప్పుడిప్పుడే మొదలైన పెద్దలు ఇంట్లో ఉంటే, వారికి అర్థమవుతున్నప్పుడే బ్యాంకు ఖాతాను ఉమ్మడి చేయించండి, ఎవరికి ఏమి ఇవ్వాలో వారి నోటితోనే రాయించండి.

జకాత్ గురించి చాలామంది అడుగుతారు. సొంత తల్లిదండ్రులకు జకాత్ సొమ్ము ఇవ్వకూడదు, వారి పోషణ మన మీద ఎలాగూ ఉంది కనుక. బ్యాంకు వడ్డీని ఈ ఖర్చుకు వాడదామన్నాడు హైదరాబాదు తమ్ముడు. మన మీదున్న విధిని వడ్డీ సొమ్ముతో తీర్చుకోవడం కుదరదు. అయితే తల్లికి నిజంగా ఏ ఆస్తీ లేక, పిల్లలకూ స్థోమత లేకపోతే ఇతరుల జకాత్, జమాఅత్ బైతుల్‌మాల్ ఆమెకు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ముసలి యూదుడు బిచ్చమెత్తుతుంటే చూసి చేయి పట్టి ఇంటికి తీసుకెళ్లి, తర్వాత బైతుల్‌మాల్ నుంచి అతనికి భృతి ఏర్పాటు చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ ఈ సంఘటనను నమోదు చేశారు. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచేది. అక్కడి నుంచి ఇంటికి వెళ్లే రోగికి వెంటనే పనికి పోనవసరం లేకుండా కొంత సొమ్ము ఇచ్చి పంపేవారట. ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదనీ, అసలు ఖర్చు ఇంటికి వచ్చాక మొదలవుతుందనీ ఆ వక్ఫ్ రాసినవారికి తెలుసు. మన వక్ఫ్ దుకాణాల అద్దెలు ఎటు పోతున్నాయో రాయాలంటే మరో వ్యాసం అవుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి దొరికేది కూడా తెలుసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు గానీ, 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన 5 లక్షల ఆయుష్మాన్ భారత్ రక్షణ గానీ ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే. ఇంటి దగ్గర ఆయాకు, డైపర్లకు, ఆశ్రమానికి అవి రావు. అర్హత ఉన్న పేద వృద్ధులకు 2024 నుంచి రాష్ట్రంలో నెలకు 4,000 పింఛను, పక్షవాతం వంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 వర్గం ఉన్నాయి. ఈ రెండో వర్గానికి సదరం ధ్రువపత్రం కావాలి. కాబట్టి డిశ్చార్జి రోజునే రోగం పేరు, మతి స్థితి స్పష్టంగా రాసిన కాగితం వైద్యుల దగ్గర అడిగి తీసుకోండి. తర్వాత ఆ కాగితం కోసం విశాఖకు బస్సెక్కి తిరగాల్సి వస్తుంది. అర్హత లేకుండా అబద్ధపు కాగితాలతో తీసుకునే పింఛను మాత్రం హరామ్, అది తల్లి మందులకైనా సరే.

పిల్లలు ఎవరూ పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. నర్సీపట్నం రెవెన్యూ డివిజన్ కేంద్రం కనుక అర్జీ ఇక్కడి ఆర్డీవో ట్రిబ్యునల్‌కే పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. వృద్ధులను కావాలని వదిలేస్తే 3 నెలల దాకా జైలు పడవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ముస్లిం ఇంటి తల్లి ఆర్డీవో కార్యాలయం మెట్లు ఎక్కే గతి పట్టకూడదని మేము కోరుకుంటాము. కానీ గతి లేక ఎక్కితే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ కుటుంబం చివరికి చేసినది ఇదీ. తల్లిని 8 వారాలకు ఆ చోటే చేర్చారు. నెలకు 25 వేలు, మందులకు, డైపర్లకు మరో 5 వేలు. రెండు నెలలకు 60 వేలు, వెనక్కి వచ్చే అడ్వాన్సు 50 వేలు. ఇదంతా తల్లి 1,44,000 బాకీ నుంచే, చెరి 72 వేలు తెచ్చి పెట్టారు. ఒక నోటుపుస్తకం కొన్నారు, మొదటి పేజీలో అమ్మీ పేరు. స్టాంపు కాగితాలు వాపసు చేశారు. తుని చెల్లెలు తన బాకీలో 50 వేలు అమ్మీ కోసమే ఉంచమంది. ఇవ్వవద్దని మేము చెప్పినా వినలేదు, తన సంతోషమంది. 8 వారాల తర్వాత ఇంటికి తెచ్చారు. పగటికొక ఆయా, రాత్రికొక ఆయా. కోడలికి మూడేళ్లలో మొదటిసారి రాత్రిపూట నిద్ర.

హైదరాబాదు సోదరుడు డబ్బు పంపిస్తున్నాడు, రావడం లేదు. తల్లిదండ్రులను ఏడిపించి హిజ్రత్ కోసం వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (సఅసం) వెనక్కి పంపి, ఏడిపించినట్టే వెళ్లి నవ్వించమన్నారని అబూదావూద్‌లోని హదీసు. ఫోనులో అతనికి ఇది వినిపించాము. వచ్చినా నన్ను గుర్తుపట్టదు కదా అన్నాడు. నువ్వు గుర్తుపడతావు కదా అన్నాము.

మొన్న మేము చూడ్డానికి వెళ్తే ఆమె మంచం మీద కూర్చొని ఉంది. నమాజులు పోతున్నాయి, ఫిద్యా ఎంత కట్టాలని పెద్దాయన అడిగాడు. తెలివి పూర్తిగా పోయిన కాలానికి ఆమెపై నమాజూ లేదు, ఫిద్యా లేదు, లేపి వుజూ చేయించాలని ఆమెను అరవవద్దని చెప్పాము. మేము అక్కడున్న అరగంటలో ఆమె పన్నెండుసార్లయినా అడిగి ఉంటుంది, మీ అబ్బా ఇంకా రాలేదేమిట్రా అని. మొదట్లో అబ్బా చనిపోయాడని చెప్పేవాడట. చెప్పిన ప్రతిసారీ ఆమె అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. ఇప్పుడేమని చెప్పను, అబద్ధం చెప్పవచ్చా అని అడిగాడు. అబద్ధం అక్కర్లేదు, అబ్బా అల్లాహ్ రక్షణలో ఉన్నారు, మనం కూడా అక్కడికే వెళ్తాం అని చెప్పమన్నాము.

పదమూడోసారి అడిగినప్పుడు అతను అలాగే చెప్పాడు. ఆమె తలూపి, "అన్నం తిన్నాడో లేదో" అంది.